హఖ్‌పత్ మఠంలో వానకోవెలలు: చీకటి మండపంలో ఫొటోలు తీయడం ఎలా?

ప్రశ్న
రాసినవారు: చెరువుగట్టు

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో వైద్యవిద్య చదువుతోంది. వచ్చే జూన్‌లో అమ్మను, నాన్నను వెంటబెట్టుకొని తన దగ్గరకు వెళ్లాలని అనుకుంటున్నాం. ఆ ప్రయాణంలో ఒకటి రెండు రోజులు ఉత్తరాన ఉన్న లోరి ప్రాంతానికి కేటాయించి, దెబెద్ నది లోయ పైనున్న హఖ్‌పత్ మఠాన్ని తీరిగ్గా చూడాలన్నది నా కోరిక. పదో శతాబ్దంలో మొదలై, 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ మఠం గురించి చదివింది ఒక ఎత్తయితే, పోయిన వేసవిలో చెల్లెలు ఫోనులో తీసి పంపిన చిన్న వీడియో ఒక్కటీ ఒక ఎత్తు.

చర్చికి ముందున్న పెద్ద మండపంలో తీసిన వీడియో అది. నల్లని రాతి స్తంభం మీద కమాను మొదలయ్యే చోట మట్టితో కట్టిన గూడు ఒకటి అతుక్కొని ఉంది. అందులోంచి నాలుగు పసుపుపచ్చని నోళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. తలుపులోంచి దూసుకొచ్చిన వానకోవెల (స్వాలో పిట్ట) గూటి అంచున వాలీ వాలకముందే ఒక పిల్ల నోట్లో మేత పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. కింద ఒక పెద్దావిడ కొవ్వొత్తి వెలిగిస్తోంది. ఆమె తలెత్తి కూడా చూడలేదు. ఆ పక్షికీ, ఆ రాతికీ, ఆ మనిషికీ మధ్య ఉన్న అలవాటును ఒక్క ఫొటోలోనైనా పట్టుకోవాలని అప్పటి నుంచీ మనసు పీకుతోంది.

నా దగ్గర ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, ఎఫ్ 2.8 ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఉన్న 70–200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్, ఎఫ్ 1.8 ఎపర్చర్ ఉన్న 35 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నాయి. ఇప్పటిదాకా నేను ఫొటోలు తీసిందంతా మన చెరువుల మీద, మంచి ఎండలో, కొంగలనూ లకుముకి పిట్టలనూ మాత్రమే. ఫ్లాష్ వాడే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. అలాంటప్పుడు అంత చీకట్లో, అంత వేగంగా ఎగిరే పక్షిని స్పష్టంగా తీయడం సాధ్యమేనా? ఎక్కడ నిలబడాలి, ఏ వేళకు వెళ్లాలి? యెరెవాన్‌కు దగ్గరగా ఉన్న గెఘార్డ్ మఠానికి వెళితే ఇంతకంటే సులువుగా ఉంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు
రాసినవారు: నల్లరాయి

చెరువుగట్టు గారికి నమస్కారం. నేను ఉద్యోగరీత్యా చాలాకాలంగా యెరెవాన్‌లో ఉంటున్నాను. కెమెరా సంగతులు నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి, నేను చోటు గురించి మాత్రం చెబుతాను.

ముందుగా గెఘార్డ్ మాట. అది యెరెవాన్‌కు నలభై కిలోమీటర్ల లోపే ఉంటుంది, అందుకే పర్యాటక బస్సులన్నీ అక్కడికే వెళతాయి. అక్కడి గదులు చాలావరకు కొండను తొలిచి చేసినవి కాబట్టి, కప్పు మధ్యలోని రంధ్రం నుంచి దిగే వెలుగు తప్ప మరో ఆధారం ఉండదు. చూడడానికి అది అద్భుతమే గాని, మీరు అడుగుతున్న పనికి హఖ్‌పత్ నయం. హఖ్‌పత్ ఒక ఊరి మధ్యలో ఉంది. చుట్టూ తోటలు, గడ్డి మైదానాలు, పశువులు ఉన్నాయి. పురుగు ఉన్న చోటే వానకోవెల గూడు కడుతుంది కాబట్టి, ఆ ఊరు ఉన్నంతకాలం ఆ పక్షులూ అక్కడే ఉంటాయని నా నమ్మకం.

మీ వీడియోలో కనిపించిన మండపాన్ని ఇక్కడ గవిత్ అంటారు. చర్చికి పడమటి వైపున ఆనుకొని ఉండే విశాలమైన గది అది. ఊరి పెద్దలు సమావేశమైనదీ, ప్రముఖులను పాతిపెట్టినదీ అందులోనే కాబట్టి, మీరు నడిచే నేల మీద సమాధి రాళ్లు పరిచి ఉంటాయి. హఖ్‌పత్‌లోని ప్రధానమైన చర్చి సుర్బ్ నషాన్ పదో శతాబ్దంలోనే మొదలై 991 నాటికి పూర్తయింది. దాని ముందున్న గవిత్ ఇప్పటి రూపం 13వ శతాబ్దం మొదట్లోది. ఎదురెదురుగా సాగే రాతి కమానులు పైన ఒకదాన్నొకటి దాటుకొని వెళతాయి, అవి కలిసే చోట నడినెత్తిన వెలుగు కోసం ఒక తెరపి వదిలారు. ఎండ కాసే రోజున ఆ తెరపి నుంచి ఒక వెలుగు పట్టీ దిగి, గంట గంటకూ నేల మీద జరుగుతూ పోతుంది. మిగతా గది అంతా దాదాపు చీకటే. ఆ చీకటి ఎంతటిదంటే, బయటి ఎండ నుంచి లోపలికి అడుగుపెట్టిన తర్వాత స్తంభాల మీది చెక్కడాలు కళ్లకు కనిపించడానికి కాసేపు పడుతుంది.

యెరెవాన్ నుంచి అక్కడికి రోడ్డు మీద మూడు నాలుగు గంటల ప్రయాణం. పొద్దున్నే బయలుదేరి వెళ్లే బృందాలు పదకొండు తర్వాత చేరుకుంటాయి, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతాయి. అందుచేత ముందురోజు రాత్రికే హఖ్‌పత్‌లోనో, లోయలో ఉన్న అలావెర్ది పట్టణంలోనో బస చేయగలిగితే, ఉదయపు గంటలు మీకూ పక్షులకూ మిగులుతాయి. వీలైతే పక్కనే ఉన్న సనాహిన్ మఠాన్ని కూడా చూడండి. అది ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది.

జవాబు
రాసినవారు: పాలపిట్ట

మీరు అడిగిన అసలు ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. గవిత్ లోపల, గూటి దగ్గర, ఎగురుతున్న పక్షిని ఫ్లాష్ లేకుండా స్పష్టంగా తీయడం దాదాపు అసాధ్యం. కానీ అదే పక్షిని, అదే కట్టడంతో కలిపి, గుమ్మం దగ్గర తీయడం పూర్తిగా మీ చేతుల్లో ఉంది. అందుకే నా సలహా ఒక్కటే: గూటిని వదిలిపెట్టి దారిని పట్టుకోండి.

ఎందుకో లెక్కతో చెబుతాను. ఇలాంటి రాతి కట్టడాల లోపల, కమానులు మొదలయ్యే ఎత్తులో, పట్టపగలు కూడా ఎఫ్ 2.8 దగ్గర ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 12800 వరకు పెంచినా షట్టర్ వేగం 1/500 సెకను దాటడం కష్టం. వానకోవెల మామూలుగా ఎగిరేటప్పుడు సెకనుకు సుమారు పది మీటర్లు వెళుతుంది. అంటే షట్టర్ తెరుచుకున్న ఆ 1/500 సెకనులో పక్షి రెండు సెంటీమీటర్లు జరిగిపోతుంది. తోకతో కలిపి పద్దెనిమిది సెంటీమీటర్లు ఉండే పక్షికి అది చాలా ఎక్కువ, పైగా రెక్కల కొసలు ఒంటికంటే ఇంకా వేగంగా కదులుతాయి. 1/4000 దగ్గర అదే జరుగుబాటు రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అప్పుడు కన్నూ, ముక్కులోని పురుగూ రెండూ తేటగా వస్తాయి. గుమ్మం లోపలి అంచున, ఆకాశపు వెలుగు నేరుగా పడే చోట, ఐఎస్ఓ 3200తోనే ఎఫ్ 2.8, 1/4000 దొరుకుతుంది. గుమ్మం బయట ఎండ పడుతుంటే ఎఫ్ 5.6, 1/4000, ఐఎస్ఓ 400 సరిపోతాయి. నాలుగైదు అడుగుల తేడాలో వెలుగు అంతగా మారిపోతుందన్న మాట.

ఇక ఎక్కడ నిలబడాలి అన్నది. లోపలికి వెళ్లే పక్షిని తీయాలని అందరూ ప్రయత్నిస్తారు, ఎవరికీ దొరకదు. అది ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియదు, వచ్చేటప్పటికి వీపు మాత్రమే కనిపిస్తుంది. బయటికి వచ్చే పక్షి అలా కాదు. అది లోపలికి వెళ్లిందంటే మీకు కబురు అందినట్టే. మేత పెట్టడానికి కొన్ని క్షణాలే పడుతుంది, ఆ వెంటనే అదే గుమ్మంలోంచి, మీవైపు ముఖం పెట్టి బయటికి వస్తుంది. దాని వెనక గవిత్‌లోని చీకటి ఉంటుంది, దాని మీద బయటి వెలుగు పడుతుంది. నీలి నిగనిగల వీపు, గొంతు మీది ఇటుకరంగు మచ్చ, తోకకు రెండు వైపులా సాగిన సన్నని ఈకలు ఆ నల్లని తెర ముందు కనిపించినంత బాగా నీలాకాశం ముందు ఎప్పుడూ కనిపించవు. గుమ్మం చుట్టూ ఉన్న చెక్కడం కూడా ఫ్రేములోకి వస్తుంది కాబట్టి, చూసినవారికి అది ఏ చోటో అడగకుండానే తెలుస్తుంది.

కాబట్టి గుమ్మానికి ఎదురుగా గాక, పక్కకు జరిగి, ఎనిమిది పది మీటర్ల దూరంలో ఏటవాలుగా నిలబడండి. 70–200 లెన్స్ సరిగ్గా ఇందుకే పనికొస్తుంది. ఫోకస్‌ను గుమ్మం అంచు రాతి మీద ముందుగానే బిగించి ఉంచండి. కెమెరా పక్షిని వెతికి పట్టుకుంటుందని నమ్ముకుంటే, చీకట్లోంచి వెలుగులోకి వచ్చే ఆ అర క్షణంలో అది తేరుకోదు. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు మోతాదు) తప్పనిసరిగా మాన్యువల్‌లో పెట్టండి. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటి ఉంటుంది కాబట్టి, ఆటోకు వదిలేస్తే కెమెరా ఆ చీకటిని వెలిగించాలని చూసి, పక్షి తెల్లని పొట్టను సున్నం కొట్టినట్టు చేసేస్తుంది. గుమ్మం పక్కన వెలుగు పడుతున్న రాతిని కొలిచి, దానికంటే కొద్దిగా తగ్గించి ఉంచితే చాలు. మీ కెమెరాలో ప్రీ-క్యాప్చర్ సౌకర్యం ఉంటే వాడండి. బటన్ నొక్కడానికి ముందరి క్షణాలను కూడా అది దాచిపెడుతుంది, వానకోవెలల విషయంలో మన వేలు ఎప్పుడూ ఆలస్యమే. అయితే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఒక ఇబ్బంది ఉంది. సెన్సర్‌ను నెమ్మదిగా చదివే కెమెరాల్లో రెక్కలు వంకర తిరిగినట్టు వస్తాయి. ఇంటి దగ్గరే పరీక్షించి చూసుకొని వెళ్లండి.

మీరు వీడియోలో చూసిన ఆ అలవాటును, అంటే పక్షినీ రాతినీ మనిషినీ కలిపి తీయాలనుకుంటే, దానికి స్పష్టత కంటే వెలుగు ముఖ్యం. 35 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి, స్తంభానికి వీపు ఆనించి, షట్టర్‌ను 1/15కో 1/30కో దించండి. స్తంభాలూ కొవ్వొత్తులూ కదలకుండా ఉంటాయి, పైనుంచి దిగే వెలుగు పట్టీని దాటే పక్షి మాత్రం ఒక చెరిగిన గీతలా వస్తుంది. నా దృష్టిలో మఠం లోపలి వానకోవెలకు అంతకంటే నిజమైన ఫొటో లేదు.

ప్రశ్న అడిగినవారు: చెరువుగట్టు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. బయటికి వచ్చే పక్షిని కనిపెట్టి ఉండాలన్న ఆలోచన నాకు తట్టనే లేదు. మరో రెండు సందేహాలు. గూటిలోని పిల్లలను కనీసం ఒక్క ఫొటో అయినా తీసుకోవచ్చా, తీస్తే ఎంత దూరం నుంచి తీయాలి? రెండోది, మా అమ్మ క్రైస్తవురాలు కాకపోయినా ఆదివారం ప్రార్థన జరిగేటప్పుడు అక్కడ కూర్చోవాలని ఆశపడుతోంది. ఆ సమయంలో కెమెరా బయటికి తీయవచ్చా?

జవాబు
రాసినవారు: గూటిచెంత

మొదటి సందేహానికి నేను జవాబు చెబుతాను. మన దగ్గర పాత కట్టడాల్లోనూ వంతెనల కిందా గూళ్లు కట్టే వానకోవెలలను గమనించి రాసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. పక్షి మారినా దాని భయం మారదు.

ముందుగా మీ వీడియోలోది ఏ పక్షో తేల్చుకోవాలి. గూడు పైన తెరిచి, గిన్నెలా ఉండి, కట్టడం లోపల ఉంటే అది శీతాకాలంలో మన పొలాల మీద కరెంటు తీగలపై బారులు తీరే వానకోవెల జాతే. ఇటుకరంగు గొంతు, పొడవాటి చీలిక తోక దాని గుర్తులు. గోడ బయట, చూరు కింద, చిన్న కంత మాత్రం వదిలి మిగతా అంతా మూసేసిన గూడు కనిపిస్తే, అది నడుము మీద తెల్లని పట్టీ ఉండే వేరే జాతి. ఇక గంటల గోపురం చుట్టూ కీచుమంటూ కొడవలి రెక్కలతో తిరిగేవి స్విఫ్ట్‌లు, అవి వానకోవెలలకు చుట్టాలు కూడా కావు. ఏ పక్షి అన్నదాన్ని బట్టే మీరు నిలబడే చోటు మారుతుంది కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

తెరిచిన గూట్లో మామూలుగా నాలుగైదు గుడ్లు ఉంటాయి. రెండు వారాలు పొదుగుతాయి, ఆ తర్వాత పిల్లలు మూడు వారాలకు అటూ ఇటూగా గూట్లో ఉంటాయి. చాలా జంటలు ఒక వేసవిలో రెండు విడతలు పిల్లలను లేపుతాయి. మీరు వెళ్లే జూన్‌లో మొదటి విడత పిల్లలు పెద్దవై, గూటి అంచు మీదికి ఎక్కి కూర్చునే రోజులు వస్తాయి. ఫొటోకు అవి ఎంత ముచ్చటగా ఉంటాయో, ప్రమాదం కూడా అప్పుడే అంత ఎక్కువ. రెండు వారాలు దాటిన పిల్లలు, కింద ఎవరైనా చేయి ఎత్తినా, సెల్ఫీ కర్ర పైకి చాచినా, ఇంకా ఎగరడం రాకముందే బెదిరి దూకేస్తాయి. రాతి నేల మీద పడిన పిల్లను తిరిగి గూట్లో పెట్టడం ఆ ఎత్తులో ఎవరికీ సాధ్యం కాదు.

ఒక్క ఫొటో తీసుకోవడంలో తప్పు లేదు. మీ 70–200 లెన్స్‌తో ఎదుటి గోడ దగ్గర నుంచి, స్తంభం పక్కన నిలబడి, తల్లిపక్షి లేని సమయంలో రెండు మూడు ఫొటోలు తీసి కదిలిపోండి. కూర్చున్న పిల్లలు కదలవు కాబట్టి 1/125 కూడా సరిపోతుంది. అయితే గుమ్మానికీ గూటికీ మధ్య ఉన్న దారిలో మాత్రం నిలబడకండి. మీరు దారికి అడ్డం ఉన్నారో లేదో పక్షే చెబుతుంది. ముక్కు నిండా పురుగులతో వచ్చి, వాలకుండా ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయిందంటే మీరు అక్కడి నుంచి జరగాలి. రెండోసారి కూడా అలాగే చేస్తుందేమో చూద్దామని ఆగవద్దు. ఆరుబయట మంచి ఎండ ఉన్నప్పుడు అవి కొద్ది నిమిషాలకొకసారి మేత తెస్తాయి. చలి వాన పడే రోజున పురుగులు దొరక్క ఆ రాకపోకలు బాగా తగ్గుతాయి. అలాంటి రోజున మనం ఒక్కసారి అడ్డుపడినా పిల్లలకు ఒక పూట తిండి పోయినట్టే. అందుకని వానరోజున కెమెరా మూసి, కట్టడం చూసి వచ్చేయమనే నా మనవి.

ఇంతకంటే మంచి అవకాశం ఒకటి మఠం బయటే దొరుకుతుంది. గూడు విడిచిన పిల్లలు కొన్ని రోజులపాటు దగ్గరలోని తీగల మీదో, ఎండు కొమ్మల మీదో వరుసగా కూర్చుంటాయి. తల్లీతండ్రీ ఎగురుతూనే వచ్చి, గాలిలో నిలిచినంత పని చేసి వాటి నోట్లో మేత పెడతాయి. పూర్తి వెలుగు, ఖాళీ వెనకతలం, ముందే తెలిసిన చోటు. పక్షికీ ఇబ్బంది లేదు, మీకూ తొందర లేదు.

జవాబు
రాసినవారు: నల్లరాయి

ఆదివారం సంగతి నేను చెబుతాను. మీ అమ్మగారిని నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. ఎవరూ ఏ మతమని అడగరు. ఆరాధన చాలాసేపు సాగుతుంది, ఎక్కువమంది నిలబడే ఉంటారు. పెద్దవాళ్లు గోడ పక్కన కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు. తల మీద కొంగు కప్పుకొంటే ఇక్కడివాళ్లు సంతోషిస్తారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కెమెరా సంచిలోనే ఉండాలి. చప్పుడు లేని షట్టర్ అయినా సరే, నిలబడి ప్రార్థించేవారి ముందు లెన్స్ ఎత్తడం బాగుండదు. ఆరాధన ముగిశాక పూజారిని గాని, కొవ్వొత్తులు అమ్మేవారిని గాని పలకరించి, పక్షులను తీసుకుంటామని చేత్తో చూపించినా చాలు, అర్థం చేసుకుంటారు. ట్రైపాడ్ పెట్టాలనుకుంటే మాత్రం ముందుగా అడగండి.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. చర్చి నుంచి బయటికి వచ్చేటప్పుడు బలిపీఠానికి వీపు చూపకుండా, అటే చూస్తూ వెనక్కి నడిచి వస్తారు. గుమ్మం దగ్గర ఫొటో కోసం కాచుకున్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. వెనక్కి నడిచే పెద్దవారికి మీరు కనిపించరు. పాలపిట్ట గారు చెప్పినట్టు పక్కకు జరిగి నిలబడడం పక్షులకే గాక మనుషులకూ మేలు.

బైబిల్‌లోని 84వ కీర్తనలో దేవుని బలిపీఠాల దగ్గరే వానకోవెలకు గూటి స్థలం దొరికిందన్న మాట ఉంది. హఖ్‌పత్ ఊరివాళ్లు ఆ గూళ్లను తొలగించకుండా ఉండడానికి కారణం ఆ మాటేనని నేను చెప్పలేను గాని, గూటి కింద రెట్టలు పడిన రాతిని తుడిచేవారే గూటి జోలికి పోకపోవడం నేను కళ్లారా చూశాను. వారు చూపించే ఆ ఓర్పు మనలాంటి అతిథులకూ ఉండాలి.

మరో మాట. లోరి ప్రాంతంలో వాన పడితే బెంగపడకండి, దక్షిణాన నొరవాంక్ ఉంది. యెరెవాన్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. అక్కడి ఎర్రని కొండ కనుమలో కొండ వానకోవెలలు రాతి గోడలకు ఒరుసుకుంటూ ఎగురుతాయి. 1339లో పూర్తయిన రెండంతస్తుల చర్చి ముందు నిలబడితే, సాయంత్రపు ఎండలో కొండా చర్చీ ఒకే రంగులోకి మారతాయి. అక్కడ చీకటి సమస్య ఉండదు.

జవాబు
రాసినవారు: పాలపిట్ట

చెరువుగట్టు గారూ, జూన్‌కు ఇంకా సమయం ఉంది కాబట్టి ఒక సాధన చెబుతాను. ఇప్పుడు మీ చెరువు మీదికి శీతాకాలపు వానకోవెలలు వచ్చే ఉంటాయి. గాలి వీచే రోజున గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ఎదురుగాలికి అవి మీవైపే ముఖం పెట్టి, నెమ్మదిగా వస్తాయి. నీళ్లు తాగడానికి కిందికి దిగే చోటు కనిపెట్టి, అక్కడ ఫోకస్ బిగించి కాచుకోండి. వేలు ఎప్పుడు కదలాలో అలవడుతుంది.

గుమ్మం సాధనకు మాత్రం ఊరి బయట పాత తూము గాని, చిన్న వంతెన గాని వెతకండి. మన దగ్గరే ఉండిపోయి గూడు కట్టే ఎర్రనడుము వానకోవెలలు వాటి కింద సీసా ఆకారంలో మట్టి గూళ్లు కడతాయి. చీకటి తూములోంచి అవి వెలుగులోకి వచ్చే తీరు గవిత్ గుమ్మంలోంచి వచ్చినట్టే ఉంటుంది. గూటిచెంత గారు చెప్పిన జాగ్రత్తలు అక్కడ కూడా పాటించండి. 1/3200 దగ్గర మొదలుపెట్టి, రెక్క కొస తేటగా వచ్చేదాకా పెంచుకుంటూ పోండి. మీ కెమెరాకూ మీ చేతికీ సరిపడే అంకె అక్కడ తేలుతుంది, హఖ్‌పత్‌లో దాన్నే పెట్టుకుంటే సరిపోతుంది.